ఈల వినిపించింది, మనిషి కనిపించలేదు

పరకాల నుంచి భూపాలపల్లికి వెళ్తుంటే ఊరి కంటే ముందు చెల్పూర్ పొగగొట్టాలు కనిపిస్తాయి. కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం సామర్థ్యం మొదటి దశలో 500 మెగావాట్లు, రెండో దశలో 600. ఇక్కడ పుట్టిన కరెంటు రాష్ట్రమంతటా వెలుగుతుంది. ఊళ్లో మాటలు మాత్రం వేరే ఉంటాయి. కొడుక్కు ప్లాంటులో కాంట్రాక్టు పని దొరుకుతుందా? పోయిన భూమి సంగతి ఎవరినడగాలి? పాసుబుక్కులో తక్కువ పడ్డ గుంటలు ఎప్పుడు ఎక్కుతాయి? అవ్వ పింఛను ఎందుకు ఆగింది? వీటిలో ఏ ప్రశ్న వచ్చినా చట్టమో ఆఫీసో తర్వాత, ముందు గుర్తొచ్చేది ఒక మనిషి పేరు. 'ఫలానా అన్నకు చెప్తే అయితది' అంటారు. ఆ అన్న ఏ పార్టీలో ఉంటే ఆ ఇంటి ఓట్లు చాలాసార్లు అటే పోతాయి.

అలాంటి అన్న అక్కరలేని పాలన రావాలని కోరుతూ మన కళ్లముందే ఒక పార్టీ పుట్టింది. 2006 అక్టోబర్ 2న లోక్‌సత్తా రాజకీయ పార్టీగా మారింది. 2009లో ఈల గుర్తుతో పోటీచేసి ఒక్క సీటు గెలిచింది. 2014లో అదీ పోయింది. 2016లో ఇక ఎన్నికల్లో పోటీ చేయబోమని ప్రకటించింది. పుట్టి పదేళ్లు నిండకముందే బరి నుంచి తప్పుకున్న ఈ పార్టీ గురించి మాట్లాడినప్పుడల్లా మన చదువుకున్నవాళ్లు ఒకే మాట అంటారు: 'మంచివాళ్లకు జనం ఓటెయ్యరు.' ఈ మాటను నేను ఒప్పుకోను. ఇందులో ఓడినవారికి ఊరట ఉంది. ఓటరుకు మాత్రం అన్యాయం జరుగుతోంది. చెల్పూర్ లాంటి ఊరి నుంచి చూస్తే లోక్‌సత్తా కథ ఇంకోలా కనిపిస్తుంది.

పార్టీ కంటే ముందు ఉద్యమం ఉంది. దాని విలువ తగ్గించి మాట్లాడటం తగదు. దాన్ని మొదలుపెట్టిన జయప్రకాశ్ నారాయణ వైద్యవిద్య చదివి ఐఏఎస్‌లోకి వచ్చి ప్రకాశం, తూర్పుగోదావరి జిల్లాల కలెక్టరుగా పనిచేశారు. 1996లో ఉద్యోగం వదిలేశారు. వ్యవస్థ లోపల ఉండి చేయగలిగింది తక్కువని తేల్చుకుని బయటికొచ్చిన అధికారి ఆయన. ఆయనతో కలిసినవారు 1999 ఎన్నికల వేళ నేరచరిత ఉన్న అభ్యర్థుల జాబితా బయటపెట్టారు. ఈరోజు ప్రతి అభ్యర్థి తనపై ఉన్న కేసులు, ఆస్తులు, అప్పులు అఫిడవిట్‌లో రాసి ఇస్తున్నాడు. అవి తెలుసుకునే హక్కును ఓటరుకు ఖాయం చేసిన 2003 నాటి సుప్రీంకోర్టు తీర్పులో పిటిషనర్లుగా నిలిచినవారిలో లోక్‌సత్తా ఒకటి. మున్సిపాలిటీల్లో పౌర పత్రాలు పెట్టాలని, పని ఆలస్యమైతే రోజుకింత చొప్పున పౌరుడికి పరిహారం కట్టాలని పట్టుబట్టింది. పెట్రోలు బంకుల్లో కొలతలు తనిఖీ చేయించింది. సమాచార హక్కు కోసం దేశమంతా సాగిన ఒత్తిడిలో పాలుపంచుకుంది. ఆ చట్టం రూపుదిద్దుకున్న కాలంలో జయప్రకాశ్ నారాయణ జాతీయ సలహా మండలి సభ్యులు. మంత్రివర్గాల పరిమాణానికి 15 శాతం హద్దు పెట్టిన 91వ రాజ్యాంగ సవరణ కోసం కూడా ఈ ఉద్యమం గొంతెత్తింది.

ఒక్క ఎమ్మెల్యే లేకుండా ఇంత సాధించిన సంస్థ పార్టీగా మారాక ఒక్క ఎమ్మెల్యేతో ఆగిపోయింది. ఆలోచించవలసింది ఇక్కడే. ఉద్యమంగా ఉన్నప్పుడు లోక్‌సత్తా ఢిల్లీలో, హైదరాబాదులో కొద్దిమందిని ఒప్పిస్తే సరిపోయేది. న్యాయమూర్తులు, సంపాదకులు, కొందరు ఎంపీలు, సచివాలయ అధికారులు వాదన బాగుంటే వింటారు, లెక్క సరిగ్గా ఉంటే కదులుతారు. ఎన్నికల్లో ఒప్పించాల్సింది లక్షలమందిని, అదీ ఒక్కొక్కరిని వారి వారి ఇంటి గడప దగ్గర. గడప దగ్గర వాదన ఒక్కటే చాలదు. మాట్లాడిన మనిషి మళ్లీ వస్తాడా, కష్టమొస్తే కనిపిస్తాడా అని చూస్తారు. లోక్‌సత్తా ఆ రెండో పనికి సిద్ధపడలేదు. ఉద్యమంలో నెగ్గిన పద్ధతినే పెద్ద మైకులో వినిపిస్తే పార్టీ అయిపోతుందనుకుంది.

2009 లెక్కలు చూడండి. 294 స్థానాల ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభలో కాంగ్రెస్ 156 గెలిచింది, తెలుగుదేశం 92, కొత్తగా వచ్చిన ప్రజారాజ్యం 18. లోక్‌సత్తాకు రాష్ట్రం మొత్తమ్మీద సుమారు 1.8 శాతం ఓట్లు వచ్చాయి, సీటు ఒకటి. అదే ఎన్నికల్లో మజ్లిస్ పార్టీ ఒక శాతానికి తక్కువ ఓట్లతో 7 సీట్లు గెలిచింది. సుమారు 4 శాతంతో టీఆర్ఎస్‌కు 10 దక్కాయి. మజ్లిస్ ఓట్లు పాతబస్తీలో ఒకేచోట కుప్పపోసినట్టు ఉన్నాయి. లోక్‌సత్తా ఓట్లు ఊరికి పది, పేటకు వంద చొప్పున రాష్ట్రమంతా చల్లినట్టు పడ్డాయి. అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చినవాడే గెలిచే మన పద్ధతిలో చల్లిన ఓటుకు విలువ లేదు. దామాషా పద్ధతి కావాలని లోక్‌సత్తా మొదటి నుంచీ అడుగుతోంది. ఆ డిమాండు న్యాయమైనదే. కానీ ఈ ఎన్నికల పద్ధతి చిన్న పార్టీని ఎలా నలిపేస్తుందో అందరికంటే బాగా తెలిసిన పార్టీయే రాష్ట్రమంతటా వందల స్థానాల్లో అభ్యర్థులను నిలబెట్టి బలమంతా పలచన చేసుకుంది. పది నియోజకవర్గాలు ఎంచుకుని అయిదేళ్లు అక్కడే ఉండి ఉంటే ఏమయ్యేదో!

గెలిచిన ఒక్క సీటూ కూకట్‌పల్లి కావడంలో విశేషం ఉంది. నియోజకవర్గాల పునర్విభజనలో కొత్తగా ఏర్పడిన స్థానం అది. హౌసింగ్ బోర్డు కాలనీలు, అపార్టుమెంట్లు, ఎక్కడెక్కడి నుంచో వచ్చి స్థిరపడ్డ ఉద్యోగులు. పాత నాయకుడి పట్టు లేదు, తాతలనాటి పార్టీ గీతలు అంతగా లేవు. పింఛను కోసమో పట్టా కోసమో ఎవరినీ బతిమాలే అవసరం లేని ఓటరు అక్కడ ఎక్కువ. అన్న అవసరం ముందే తీరిపోయినచోట లోక్‌సత్తా మాట పట్టుకుంది. ఆ అవసరం తీరని చెల్పూర్, మొగుళ్లపల్లి, గూడూరు, పాలకుర్తి లాంటి చోట్ల పట్టుకోలేదు. పల్లె ఓటరుకు అవినీతి అంటే ఇష్టమని దీనికర్థం కాదు. లంచమిచ్చే చేతికే దాని నొప్పి బాగా తెలుసు. కానీ 'మధ్యవర్తిని తీసేస్తాం' అన్నవారు, తీసేసిన మర్నాటి నుంచి తహసీల్దారు ఆఫీసుకు తన వెంట ఎవరు వస్తారో చెప్పలేదు. చట్టం వస్తుంది, అదే పని చేసిపెడుతుంది అన్నారు. చట్టం వచ్చేదాకా ఏం తినాలి?

అంతలో తెలంగాణ ప్రశ్న ముందుకొచ్చింది. తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలుపెడతామని కేంద్రం చేసిన 2009 డిసెంబర్ 9 ప్రకటన తర్వాత ఓరుగల్లు ప్రాంతంలో మధ్యేమార్గపు మాటకు చోటు లేకుండా పోయింది. 2010 జూలైలో 12 స్థానాలకు ఉప ఎన్నికలు జరిగితే 11 టీఆర్ఎస్, 1 బీజేపీ గెలుచుకున్నాయి. తెలుగుదేశం లాంటి పాత పార్టీయే అన్నిచోట్లా ధరావతు పోగొట్టుకుంది. అలాంటి గాలిలో లోక్‌సత్తా అధినేత, అందరూ కూర్చుని సామరస్యంగా తేల్చుకోవాలి, రాష్ట్రం ఒకటైనా రెండైనా అధికారం కిందికి రావాలి అని చెబుతూ వచ్చారు. ఆ మాటలో తప్పు లేదు. పదేళ్ల తెలంగాణ అనుభవం చూశాక, అధికారం హైదరాబాదులోనే కుప్పపడటం చూశాక, ఆ మాట ఇంకా బరువుగా వినిపిస్తుంది. కానీ ఆనాడు ఇక్కడి మనిషి అడిగింది పాలనా పద్ధతి గురించి కాదు. 'మా బొగ్గు, మా నీళ్లు, మా కొలువులు మాకు దక్కుతయా?' అని అడిగాడు. చెల్పూర్‌లో ఈ ప్రశ్న పుస్తకాల్లోంచి రాలేదు, ఎదురుగా పొగగొట్టంలా నిలబడి ఉంది. దానికి అవునో కాదో చెప్పకుండా మంచి సూత్రం చెప్పినవారు ఇక్కడ వినిపించకుండా పోయారు. 2011 ఫిబ్రవరిలో శాసనసభ ఆవరణలోనే జయప్రకాశ్ నారాయణ మీద చెయ్యి చేసుకున్నారు. ఉద్యమం ఎంత న్యాయమైనదైనా ఆ పని సిగ్గుచేటు. తెలంగాణ కోరినవాళ్లలో ఒకడిగా ఆ మాట చెప్పవలసిన బాధ్యత నాకుంది.

2014లో జయప్రకాశ్ నారాయణ తాను గెలిచిన కూకట్‌పల్లి వదిలి మల్కాజిగిరి లోక్‌సభకు పోటీచేశారు. దేశంలోకెల్లా ఎక్కువమంది ఓటర్లున్న స్థానం అది. తెలిసిన పొలం వదిలి తెలియని అడవిలోకి నడిచినట్టయింది. అక్కడ తెలుగుదేశం అభ్యర్థి మల్లారెడ్డి గెలిచారు. కూకట్‌పల్లి కూడా తెలుగుదేశానికే పోయింది. ఆ తర్వాత మిగిలింది 2016 ప్రకటన. నాయకుడి పేరే పార్టీ పేరైనచోట ఆయన ఓటమి పార్టీ ఓటమిగా మారడం సహజం. 2018 నవంబరులో మాజీ సీబీఐ అధికారి వి.వి. లక్ష్మీనారాయణను పార్టీ పగ్గాలు పట్టమని ఆహ్వానించారు. ఆయన కొన్ని నెలలకే జనసేనలో చేరి విశాఖపట్నంలో పోటీచేశారు, ఓడిపోయారు. ఇల్లు నడపడానికి ఇంట్లోవాళ్లు ఎదగలేదు కాబట్టే బయటివారిని పిలవవలసి వచ్చింది. ఇది నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం. లోక్‌సత్తాలో చేరినవారు సామాన్యులు కారు. సొంత ఖర్చులు పెట్టుకుని, ఉద్యోగాలు పక్కన పెట్టి తిరిగిన యువకులు. వాళ్లలో ఎందరు సర్పంచులయ్యారు, ఎందరు ఎంపీటీసీలయ్యారు? కింది నుంచి అధికారం రావాలని బోధించిన పార్టీ తాను మాత్రం పైనుంచి, శాసనసభ నుంచి మొదలుపెట్టింది.

లోక్‌సత్తా ఓటమికి ఊళ్లలో వేళ్లు లేకపోవడమే కారణమైతే వేళ్లున్న పార్టీ బతకాలి కదా అని ఎవరైనా అడగవచ్చు. సరైన ప్రశ్నే. జవాబు మన ప్రాంతంలోనే ఉంది. 2018 ఏప్రిల్‌లో ప్రొఫెసర్ కోదండరాం తెలంగాణ జన సమితి పెట్టారు. ఉద్యమకాలంలో ఊరూరా ఏర్పడ్డ జేఏసీల గౌరవం ఆయన వెంట ఉంది. జనగామ నుంచి కాటారం దాకా ఆయన్ను పేరుతో గుర్తుపట్టనివారు అరుదు. అదే ఏడాది డిసెంబర్ ఎన్నికల్లో కాంగ్రెస్, తెలుగుదేశం, సీపీఐలతో కూటమి కట్టారు. జనగామలో ఆయనే పోటీచేస్తారని అనుకున్నారు. పొన్నాల లక్ష్మయ్య పట్టుబట్టడంతో సీటు వదులుకున్నారు. పొన్నాల ఓడిపోయారు, జన సమితి ఒక్కచోట కూడా గెలవలేదు, టీఆర్ఎస్‌కు 88 వచ్చాయి. పొత్తులో మాట నిలబెట్టుకోవడానికి తన సీటే వదిలిన పెద్దమనిషిని గౌరవించవచ్చు. కానీ పార్టీ పెట్టినవాడు మొదటి ఎన్నికలోనే బరిలో లేకపోతే వెంట వచ్చినవాళ్లు ఎవరిని చూసి నిలబడాలి?

దీనికంటే ముఖ్యమైనది 2021 మార్చిలో జరిగిన వరంగల్–ఖమ్మం–నల్లగొండ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక. మన ఓరుగల్లు ప్రాంతమంతా ఆ నియోజకవర్గంలోనిదే. ఓటర్లంతా డిగ్రీ చదివినవాళ్లు. ప్రాధాన్యతా క్రమంలో ఓటేసే పద్ధతి కాబట్టి 'చిన్న పార్టీకి వేస్తే ఓటు వృథా' అన్న భయం లేదు. ఒకటో అంకె ఇష్టమైనవారికి, రెండో అంకె గెలవగలిగినవారికి వేసుకోవచ్చు. అంటే లోక్‌సత్తా ఓటమికి చెప్పే రెండు కారణాలూ, చదువులేని ఓటరూ, అన్యాయమైన ఎన్నికల పద్ధతీ, ఇక్కడ లేవు. అయినా కోదండరాంకు మూడో స్థానమే దక్కింది. టీఆర్ఎస్ అభ్యర్థి పల్లా రాజేశ్వర్‌రెడ్డి గెలిచారు. రెండో స్థానంలో నిలిచింది ఏ పార్టీ జెండా లేకుండా పాదయాత్ర చేసి ఊరూరా తిరిగిన తీన్మార్ మల్లన్న. మల్లన్న భాష, తీరు నచ్చనివాళ్లు చాలామందే ఉన్నారు. కానీ ఆయన రోజూ మాట్లాడాడు, రోజూ కనిపించాడు, నిరుద్యోగి కోపాన్ని నిరుద్యోగి మాటల్లోనే చెప్పాడు. ప్రొఫెసర్‌గారి గౌరవం అలాగే ఉంది. గౌరవం ఉన్నంతమాత్రాన ఒకటో అంకె పడదని మాత్రం ఆ లెక్కింపు చూపించింది. 2023లో జన సమితి పోటీయే చేయకుండా కాంగ్రెస్‌కు మద్దతిచ్చింది. 2024 ఆగస్టులో కోదండరాం గవర్నర్ కోటాలో మండలిలో అడుగుపెట్టారు. అదే పల్లా ఇప్పుడు జనగామ ఎమ్మెల్యే.

భూపాలపల్లి ఇంకో సంగతి చెబుతుంది. 2018లో ఇక్కడ గండ్ర సత్యనారాయణరావు ఫార్వర్డ్ బ్లాక్ అభ్యర్థిగా సింహం గుర్తు మీద పోటీచేసి రెండో స్థానంలో నిలిచారు. అప్పటి స్పీకర్ మధుసూదనాచారి ఆయన కంటే వెనకబడ్డారు. ఫార్వర్డ్ బ్లాక్ సిద్ధాంతం ఏమిటో చెల్పూర్ ఓటర్లలో ఎంతమందికి తెలుసు? గుర్తు అరువుది, మనిషి సొంతవాడు. 2023లో ఆయనే కాంగ్రెస్ గుర్తు మీద గెలిచారు. ఎన్నికల పద్ధతే చిన్న పార్టీలను చంపుతుందన్న వాదనకు ఈ ఫలితం సగం జవాబు. పార్టీ ఎంత చిన్నదైనా, నిలబడ్డవాడు జనానికి తెలిసినవాడైతే ఓటు వెళ్తుంది. అలాగని నేను ఈ పద్ధతిని మెచ్చుకోవడం లేదు. మనిషి మీదే అంతా ఆధారపడితే ఆ మనిషి పార్టీ మారినప్పుడు ఓటరు కూడా సామాను సర్దుకోవలసి వస్తుంది. మన ప్రాంతంలో అది ఎన్నిసార్లు జరిగిందో చెప్పనక్కరలేదు. సంస్కరణ కోరే పార్టీ ఇలాంటి మనిషినీ అలాంటి సిద్ధాంతాన్నీ ఒకచోటికి తేవాలి. లోక్‌సత్తాకు రెండోది ఉంది, మొదటిది కూకట్‌పల్లి దాటి లేదు.

ఢిల్లీలో ఆమ్ ఆద్మీ పార్టీ 2012 నవంబరులో పుట్టి 2013 డిసెంబరులోనే 28 సీట్లు గెలిచిందని, లోక్‌సత్తా నాటిన విత్తనం అక్కడ మొలిచిందని కొందరంటారు. ఢిల్లీలో ఉన్నవి 70 సీట్లు, అంతా ఒక్క నగరం. కరెంటు బిల్లు, నల్లా నీళ్లు, మొహల్లాలో కార్యకర్త. గెలవడానికి అవి సరిపోయాయి. 

మన దగ్గర కవి కాళోజీ కూడా ఎన్నికల్లో నిలబడ్డారు. అత్యవసర పరిస్థితి తర్వాత సత్తుపల్లి వెళ్లి అప్పటి ముఖ్యమంత్రి జలగం వెంగళరావు మీద పోటీచేసి ఓడిపోయారు. ఆయనకు గెలుపు ఆశ లేదు. నిలదీయడమే ఆ పోటీ ఉద్దేశం. నిలదీయడానికి చేసే పోటీ ఒకటి, పాలించడానికి చేసే పోటీ ఒకటి. లోక్‌సత్తా ఈ రెండింటి మధ్య తేల్చుకోలేకపోయిందని నాకనిపిస్తుంది. ప్రచారంలో నిలదీసింది, ఫలితాల్లో పాలకపక్షాల కొలతతో తనను తాను కొలుచుకుని నిరాశపడింది. మొదటి సాధారణ ఎన్నికల్లోనే దాదాపు రెండు శాతం తెచ్చుకోవడం ఓటమి కాదు. డబ్బూ మద్యమూ పంచకుండా లక్షల ఓట్లు తెచ్చుకున్న పార్టీ మన రాష్ట్ర చరిత్రలో ఇంకెన్ని ఉన్నాయి? దాన్ని పునాది అనుకుని ఇరవై ఏళ్ల పని మొదలుపెట్టాల్సింది. ఏడేళ్లకే లెక్క మూసేశారు.

వారు అడిగినవాటిలో అన్నిటికంటే పెద్దది ఇప్పటికీ అలాగే మిగిలి ఉంది. జనాభాను బట్టి తలకింత అని నిధులు నేరుగా గ్రామానికి రావాలి, ఖర్చుపెట్టే అధికారం గ్రామానికే ఉండాలి అన్నారు. 73వ రాజ్యాంగ సవరణ 29 అంశాలు పంచాయతీలకు అప్పగించవచ్చని చెప్పింది. ఆచరణలో మన సర్పంచి చేతిలో ఏముంది? 2018 పంచాయతీరాజ్ చట్టంలో చెక్కు మీద ఉపసర్పంచితో ఉమ్మడి సంతకం పెట్టారు, సస్పెండ్ చేసే అధికారం కలెక్టరు చేతికిచ్చారు. అప్పులు తెచ్చి పనులు చేయించి, బిల్లుల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన సర్పంచులు మన ప్రాంతంలో ఏ మండలంలో వెతికినా దొరుకుతారు. 2024 ఫిబ్రవరి మొదట్లో పాలకవర్గాల గడువు తీరితే, 2025 డిసెంబర్ దాకా ఎన్నికలు పెట్టలేదు. దాదాపు రెండేళ్లు ఊళ్లు ప్రత్యేకాధికారుల కింద ఉన్నాయి. ఎన్నికైన పాలకవర్గం లేదన్న కారణంతో కేంద్ర ఆర్థిక సంఘం నిధులు కూడా ఆగాయి. చెత్త ట్రాక్టరుకు డీజిల్ పోయడానికి పంచాయతీ కార్యదర్శి చేబదులు తెచ్చిన రోజులవి. ఆ రెండేళ్లలో ఏ పెద్ద పార్టీ కూడా దీన్ని తన ప్రధాన పోరాటంగా చేసుకోలేదు. ఈ ఒక్క విషయం మీద ఊరూరా తిరగాల్సిన పార్టీ అప్పటికి ఎనిమిదేళ్ల కిందటే ఎన్నికల నుంచి తప్పుకుని ఉంది.

సమాచార హక్కు దరఖాస్తుకు మన దగ్గర గ్రామస్థాయిలో రుసుము లేదు, మండల ఆఫీసులో 5 రూపాయలు, ఆపైన 10. భూమి పోయిన రైతుకు నష్టపరిహారం ఫైలు ఎక్కడ ఆగిందో, పింఛను జాబితాలోంచి పేరు ఎవరు తీశారో ఆ కాగితంతో అడగవచ్చు. చట్టం వచ్చి ఇరవై ఏళ్లయింది. చెల్పూర్‌లో ఒక ముసలాయన తరఫున ఆ దరఖాస్తు రాసి, ఆయనతో కలిసి గణపురం మండల ఆఫీసుకు వెళ్లి, ముప్పై రోజులకు జవాబు రాకపోతే మళ్లీ అప్పీలు రాసిపెట్టే మనిషి ఇప్పటికీ కావాలి. ఆ మనిషి కోసం ముసలాయన ఇవాళ కూడా ఏదో ఒక అన్న ఇంటికే నడుస్తున్నాడు.